మంచులో నలభై సీసాలు

1. సోమవారం

ఈ ఉదయం సిస్టర్ ఫ్లావియా కొరికి పక్కన పెట్టిన రొట్టె ముక్క అంచున సన్నటి ఎర్ర గీత ఉంది. ఆ అంచు కనబడకుండా ఆవిడ ముక్కను తిప్పి పెట్టారు. నేను చూశానని ఆవిడకు తెలుసు. "చూసినవి ఎక్కడైనా రాయి సువార్తా, ఎలాగూ మాట్లాడవు కదా" అని ఫిజిక్స్ లాబ్ రికార్డు పుస్తకం ఒకటి నా ముందుకు తోశారు. సగం పేజీల్లో ఎవరో అమ్మాయి లోలకం బొమ్మలు గీసింది. మిగతా సగంలో ఇది రాస్తున్నాను.

మేం ఇరవై ముగ్గురం. కొండ మీద సిస్టర్ల బడిలో ఉంటున్నాం. కింద మైదానంలో పొగమంచు విడవడం లేదు. ఇక్కడ మధ్యాహ్నం పూట కనీసం మనిషికి నీడ పడుతుంది. నేను ఆరో తరగతి నుంచి ఈ హాస్టల్లోనే ఉన్నాను. మిగతా పిల్లల్ని తీసుకెళ్ళడానికి వాళ్ళ వాళ్ళు వచ్చారు. నాకు ఇప్పుడు ఇరవై ఒకటి. లైబ్రరీ తాళం నా దగ్గర ఉంటుంది.

కింద రేషన్ డిపో నుంచి వచ్చేవి మూడే: బియ్యం, చోడిపిండి, కందిపప్పు. బియ్యమూ బద్దలూ మొలకెత్తవు. ప్రయత్నించాం. ఆకు అనేది మా నోట పడి చాలా కాలమైంది. మొదట అందరికీ చిగుళ్ళు వాచాయి. తరవాత పళ్ళు తోముకుంటే నెత్తురు. సిస్టర్‌కి మోకాలి మీద ఒక గాటు ఉంది, చిన్నప్పుడు పడితే తగిలిందట. అరవై ఏళ్ళ కిందట మానిపోయిన ఆ గాటు పోయిన వారం మళ్ళీ తెరుచుకుంది.

వైద్యం పుస్తకం తీసి చూశాను. ఆకుకూరలూ పళ్ళూ బొత్తిగా లేకపోతే పాత గాయాలు విడిపోతాయని రాసి ఉంది. ఆ తరవాత ఏమవుతుందో కూడా రాసి ఉంది. ఆ పేజీ ఆవిడకు చదివి వినిపించలేదు.

2. బుధవారం

మా దగ్గర నాలుగు పొట్లాల విత్తనాలు ఉన్నాయి. క్యాబేజీ, ముల్లంగి, పాలకూర, కొత్తిమీర. గవరయ్య బాబాయ్ కింద ఖాళీగా పడి ఉన్న వ్యవసాయ ఆఫీసు బీరువాలోంచి తెచ్చాడు. ఆయన ఒకప్పుడు ఘాట్ రోడ్డులో బస్సు నడిపేవాడు. ఇప్పుడు కాలినడకన డిపోకి వెళ్ళి వచ్చేది ఆయనే.

వంటింట్లో పొయ్యి పక్కన కుండీల్లో కొన్ని గింజలు వేసి చూశాం. మొలిచాయి. వెలుగు చాలక తెల్లటి దారాల్లా సాగి, నాలుగో రోజుకి ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. కిటికీ దగ్గర పెట్టినవీ అంతే. అప్పట్నుంచి సిస్టర్ పొట్లాలను పాత బిస్కెట్ల డబ్బాలో పెట్టి దాచారు.

ఇవాళ లైబ్రరీలో కింది అరలో ఒక పుస్తకం దొరికింది. ఏదో మంచు దేశం నుంచి ఎవరో దానంగా పంపిన పుస్తకాల పెట్టెలోది. ఎవరూ తెరవలేదు, పేజీలు అంటుకుని ఉన్నాయి. చలికాలంలోనే గింజలను ఆరుబయట వేయడం ఎలాగో అందులో ఒక అధ్యాయం ఉంది. పారదర్శకమైన సీసాలో మట్టి పోసి, గింజ వేసి, సీసాను మంచులో వదిలేస్తారట. లోపలి గింజ చలికి చావదు. పగళ్ళు ఎప్పుడు వెచ్చబడితే అప్పుడు లేస్తుంది. అలా లేచిన మొక్క ఇంట్లో పెరిగినదాని కంటే గట్టిదట.

రెండుసార్లు చదివాను. మూడోసారి సిస్టర్ గదికి తీసుకెళ్ళి ఆవిడకు చదివాను.

"గింజలకి ఓపిక ఉంటుంది" అన్నారు ఆవిడ. "రేపు భోజనాల దగ్గర అందరికీ చదువు. తెలుగులో."



3. గురువారం

చదివాను. భోజనాల హాల్లో ఇరవై రెండు మొహాలు నా వైపు తిరిగాయి. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"ఏటే గుంటా, నోట్లో నోట్లోనే సదువుకుంటన్నావు? మాకు సెవుల్లేవనుకున్నావేటి?" అంది పైడమ్మ మామ్మ. ఆవిడది కింద వరి పండించే ఊరు. డెబ్భై దాటాయి. వంటిల్లూ మట్టీ ఆవిడ చేతిలో ఉంటాయి.

"బస్సులో ఎనక సీటోడిక్కూడా ఇనపడాల తల్లీ" అన్నాడు గవరయ్య బాబాయ్. "కండక్టర్లాగ కేకెయ్యి."

కొంచెం గొంతు పెంచాను. సీసాను మంచులో వదిలేయాలన్న చోట ఆయన మళ్ళీ అందుకున్నాడు. "మంచులో ఇత్తనాలా? అయ్యేటి, పాల పేకెట్లా, ఫ్రిజ్జులో పెట్టడానికి?"

హాలంతా నవ్వింది. నవ్వి చాలా రోజులైంది కాబట్టి ఆగలేదు. ఒకరు దగ్గుతూ నవ్వుతున్నారు. నేను ఆ నవ్వులోనే తరవాతి వాక్యం చదివేశాను. "గింజలను నానబెట్టవద్దు, పొట్లంలో ఉన్నట్టే పొడిగా వేయాలి." నా గొంతు నాకే వినబడలేదు. నవ్వు ఆగాక మళ్ళీ చదవవలసింది. పేజీ తిప్పేశాను.

4. శనివారం

గవరయ్య బాబాయ్ ఘాట్ రోడ్డు పక్కన మూతబడిన కొట్ల నుంచి రెండు గోనెల నిండా కూల్‌డ్రింక్ సీసాలు తెచ్చాడు. పగిలినవి తీసేస్తే నలభై మిగిలాయి.

సీసా నడుము చుట్టూ కోయాలి. నాలుగు వేళ్ళ మేర కోయకుండా వదిలితే అది తలుపు బందులా పనిచేస్తుంది. మేకు పొయ్యిలో కాల్చి అడుగున ఆరు కన్నాలు పొడవాలి. మూత పారేయాలి, మంచూ గాలీ పోవడానికి ఆ మూతి చాలు. కాలుతున్న ప్లాస్టిక్ వాసన నా వేళ్ళకు పట్టింది.

మట్టి దగ్గర కష్టమైంది. ప్రార్థన మందిరం పక్కన చచ్చిపోయిన మందారాల కింద గునపంతో కొడితే రాయిలా ముక్కలు లేచాయి. వాటిని తట్టల్లో వంటింట్లోకి తెచ్చి కరగబెట్టాం. ఒక ముక్కలోంచి వానపాము బయటపడింది. కదల్లేదు. పైడమ్మ మామ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చుంది.

సాయంత్రానికి ఇరవై ఏడు సీసాలు తయారయ్యాయి. మిగతా పదమూడింటికి కరిగిన మట్టి చాలలేదు. సిస్టర్ ఇరవై ఏడు సీసాలకు సరిపడా గింజలు కొలిచి, "మట్టి తెలిసిన చేయి నీది" అని పైడమ్మ మామ్మకు ఇచ్చారు. సోమవారం తయారుగా ఉంచమన్నారు.

తయారుగా ఉంచడం అంటే ఏమిటో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

5. సోమవారం

తెల్లారాక వంటింట్లోకి వెళితే మామ్మ పొయ్యి పక్కన గోనె తీస్తోంది. గోనె కింద రుబ్బురాయి, దాని కింద తడిగుడ్డల మూటలు నాలుగు. ఆవిరి వచ్చింది.

"సూడే, సూడు. ముద్దులొలికిపోతన్నాయి" అంది.

గుడ్డ విప్పింది. ముల్లంగి గింజలన్నీ పగిలాయి. ఒక్కోదానికీ తెల్లటి మొలక. క్యాబేజీవి సూదిమొనల్లా ఉన్నాయి. పాలకూరా కొత్తిమీరా ఇంకా పగల్లేదు, నీళ్ళు తాగి ఉబ్బాయి.

వరి విత్తనానికి వాళ్ళు అలాగే చేస్తారట. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, మూటగట్టి, వెచ్చగా ఉండేట్టు బరువు పెట్టి, మొలక వచ్చాక నారుమడిలో చల్లుతారు. మండె కట్టడం అంటారు. అలా చేయకుండా గింజను మట్టిలో వేయడం ఆవిడ లెక్కలో పసిపిల్లను నీళ్ళు పోయకుండా, పాలివ్వకుండా బయటికి తోసేయడం లాంటిది.

"మామ్మా, పొడిగా వేయమని ఉంది" అన్నాను.

"ఏటందీ?"

"పుస్తకంలో. నానబెట్టొద్దని. మొన్న చదివాను."

"అదెవులు రాసినారే? ఆ దొరసాని ఎప్పుడైనా నాగలి వెనకాల నడిసిందేటి? నలభై పంటలు సల్లినాను నాను. ఒక్కపాలి మండె సెడిపోనేదు."

ఈలోగా జనం వచ్చేశారు. వంటింట్లో నిలబడే చోటు లేదు. అందరూ ఆ నాలుగు గుడ్డల మీదికి వంగారు. ఒకావిడ ఏడ్చింది. సిస్టర్ ఫ్లావియా గోడ పట్టుకుంటూ వచ్చి, చూపుడువేలితో ఒక మొలకను తాకారు. తాకీ తాకనట్టు. తరవాత నుదుటి మీద సిలువ గుర్తు వేసుకున్నారు.

"సువార్తా, ఇది కూడా రాసుకో" అన్నారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

అప్పుడు నేను గట్టిగా చెప్పవలసింది. మొలక బయటపడ్డ గింజకు ఇక ఓపిక ఉండదని, దాన్ని బయట పెడితే రాత్రికి ఉండదని. లాబ్ థర్మామీటరు రోజూ తెల్లవారుజామున చూసేది నేనే. మైనస్ ఎనిమిది, మైనస్ తొమ్మిది. ఎవరికీ తెలియని ఆ అంకె నాకు తెలుసు. నోరు తెరిచాను. సిస్టర్ మొహం చూసి మూసుకున్నాను.

మధ్యాహ్నం ఇరవై ఏడు సీసాలనూ ఆటస్థలంలో మంచులో వరసగా నిలబెట్టాం. ఎవరో పాట ఎత్తుకున్నారు. నేను కూడా పాడాను.

6. మంగళవారం

మైనస్ పది.

7. శుక్రవారం

మూడు రోజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు మామ్మ. "మాటిమాటికీ ఇప్పి సూస్తే భయపడతాయి" అంది. ఇవాళ మధ్యాహ్నం కాస్త వెలుగు వచ్చింది. సీసాల లోపలి మంచు చెమటలా జారింది. ఆవిడే వెళ్ళి మొదటి సీసా తెరిచింది.

నేను వరండాలో నిలబడి ఉన్నాను. ఆవిడ ఒకటి తెరిచి మూసింది. రెండోది తెరిచింది. మూడోది. కింద కూర్చుంది. కూర్చునే పక్కకు జరుగుతూ ఇరవై ఏడూ తెరిచింది. నేను వెళ్ళేసరికి ఆఖరిదాంట్లో వేలు పెట్టి ఉంది.

మొలకలు గాజు ముక్కల్లా ఉన్నాయి. తాకితే నీరయ్యాయి. నానిన పాలకూర గింజలు నొక్కితే తొక్క ఊడి మెత్తటి గుజ్జు వచ్చింది.

"నువ్వు సెప్పినావు కదే" అంది.

"మెల్లిగా చెప్పాను మామ్మా."

"గట్టిగా సెప్పాల. నాను ముసల్దాన్ని. కోపమొస్తాది, తిడతాను. తిడితే ఏటైపోతాది నీకు? ఆఁ? ఏటైపోతాది?"

ఆవిడ లేవడానికి చేయి చాపింది. లేపాను. ఎంత తేలికగా ఉందో అప్పుడు తెలిసింది.

హాల్లో ఎవరూ ఆవిడను ఏమీ అనలేదు. గవరయ్య బాబాయ్ మాత్రం రొట్టె ఆవిడ ముందుకు తోసి, "తినప్పా. నాను బస్సు లోయలోకి తోలినప్పుడు కూడా తిన్నాను" అన్నాడు. ఆవిడ తినలేదు.

8. ఆదివారం

ప్రార్థన తరవాత వైద్యం పుస్తకం మళ్ళీ తీశాను. కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది, మొదటిసారి దాటేశాను. తాజా ఆకులు దొరకని చోట ఏ గింజ మొలకలైనా పనికొస్తాయట.

రెండు గుడ్డల నిండా మొలకలు, మిగతా రెండింట్లో మొలవబోయే గింజలు. వండనక్కరలేదు కూడా. సిస్టర్ ఒక్కరికే పెట్టి ఉంటే వారం పది రోజులు వచ్చేవి. ఆవిడ వేలు పెట్టి తాకారు వాటిని.

పుస్తకాన్ని అరలో పెట్టేశాను. ఇది ఎవరికీ చెప్పలేదు. మామ్మకు అసలు చెప్పకూడదు.

డబ్బాలో మిగిలిన గింజలు చూశాను. పదమూడు సీసాలకు వస్తాయి. మొలకలు కట్టి తినేస్తే ఒక మనిషికి నాలుగు రోజులు. ఇరవై ముగ్గురికి ఒక పూట, చెంచాడు.

9. సోమవారం

ఆ లెక్క సిస్టర్‌కి చెప్పాను. మొలకల సంగతి కూడా. చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆవిడ మంచం మీదే ఉంటున్నారు. నిన్న రెండో పన్ను ఊడింది. మోకాలి కట్టు విప్పితే గాటు మొన్నటి కంటే వేలెడు పెరిగింది. చిన్నప్పుడు ఎక్కడ పడ్డారని అడిగాను. సైకిలు నేర్చుకుంటూ అన్నారు. అమ్మాయిలు సైకిలు తొక్కకూడదని వాళ్ళ నాన్న అన్న రోజునే.

"నాలుగు రోజులు నాకు పెడతావా?" అన్నారు.

"పెడతాను సిస్టర్."

"ఐదో రోజు?"

నేను మోకాలి కట్టు మళ్ళీ చుట్టాను.

"గింజలు తింటే గింజలుండవు. మట్టిలో వెయ్. ఈసారి నువ్వు చెప్పు, అందరికీ. నా దగ్గర చెప్పినట్టు కాదు."

గొడుగు వేసినప్పుడు నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. ఎండలకు మనుషులు పిట్టల్లా రాలిపోతున్న ఏడాది అది. ఎండ తగ్గడానికి ఆకాశంలో సూర్యుడికి అడ్డంగా గొడుగు పట్టారని బడిలో మిఠాయి పంచారు. మొదటి చల్లటి గాలికి సిస్టర్ మమ్మల్ని ఆటస్థలంలోకి తీసుకెళ్ళి పరుగెత్తమన్నారు. వేడి తగ్గాక సగం మడిచేస్తామని రేడియోలో చెప్పారు. మడవవలసిన వాళ్ళ గొంతు రేడియోలో తరవాత వినబడలేదు. ఇవాళ ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు. బహుశా ఆవిడ సైకిలు గురించి చెప్పినందుకు.

10. మంగళవారం

హాల్లో బల్ల మీద చెంచాతో కొట్టాను. పుస్తకం తీసుకెళ్ళలేదు, అడ్డం పెట్టుకోవడానికి ఏమీ ఉండకూడదని.

"గింజలు నానబెట్టకూడదు" అన్నాను. "పొడిగా వేయాలి. వేశాక ముట్టుకోకూడదు. లోపలికి తేకూడదు. వెచ్చటి నీళ్ళు పోయకూడదు. జాలిపడకూడదు."

ఆఖరి మాట పుస్తకంలో లేదు.

"ఓలమ్మ, కండక్టరు డూటీ ఎక్కీసింది" అన్నాడు గవరయ్య బాబాయ్. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వించడానికి అన్నట్టు లేదు.

"నాకు సెప్పు, ఎంత లోతు?" అంది పైడమ్మ మామ్మ. శుక్రవారం తరవాత ఆవిడ నోరు విప్పడం అదే మొదటిసారి.

"గింజ మందం మామ్మా. అంతే."

మట్టి మళ్ళీ తవ్వి కరగబెట్టాం. ఆవిడ చేతుల్లో గింజలు పోశాను. వేసేటప్పుడు బొటనవేలు గింజ మీద ఒక్క క్షణం ఆగడం చూశాను. తడి చేయి అని గుర్తొచ్చి, చీరకొంగుకు తుడుచుకుని మళ్ళీ వేసింది. పదమూడు సీసాలు. వాటి పక్కనే పాత ఇరవై ఏడూ అలాగే ఉన్నాయి, ఎవరూ తీయలేదు. దూరం నుంచి చూస్తే నలభై సీసాలూ ఒక్కలాగే ఉన్నాయి.

11. శనివారం

మంచు పడింది. సీసాలు మూతి దాకా మునిగాయి. పుస్తకం ప్రకారం అది మంచిదే. మంచు దుప్పటిలా పనిచేస్తుందట.

ఉదయం పూట మామ్మ వరండా దాకా వచ్చి నిలబడి వెళుతోంది. దిగడం లేదు. ఇవాళ అడిగింది, "లోపలేటవుతుందో సూడకూడదేటి, ఒక్కదాన్ని?"

"వద్దు మామ్మా."

"ఊఁ. పెళ్ళిచూపుల్లో కూడా తలుపు సందులోంచి సూణ్ణిచ్చినారు మమ్మల్ని."

నేను నవ్వాను. ఆవిడకూ కాస్త నవ్వొచ్చింది, చిగుళ్ళు కనబడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది.

12. గురువారం

సిస్టర్ కూర్చోలేకపోతున్నారు. కుర్చీలో పెట్టి, నలుగురం మోసుకెళ్ళి వరండాలో దించాం. దుప్పట్లు కప్పాం. సీసాలున్న చోట మంచు కింద చిన్న చిన్న బుడిపెలు కనబడుతున్నాయి. ఆవిడ వాటినే చూస్తున్నారు. పెదవులు కదులుతుంటే ప్రార్థన అనుకున్నాను. దగ్గరికి వెళితే లెక్కపెడుతున్నారు.

గవరయ్య బాబాయ్ మెట్ల మీద బూట్లు దులుపుకుంటూ, "ఇంతకీ ఎప్పటికి మొలుస్తాయంటావు?" అని అడిగాడు. డిపోకి వెళ్ళి వచ్చాడు. ఈసారి గోనె సగమే నిండింది.

పుస్తకం తెచ్చి ఆ పేజీ చదివాను. గట్టిగానే చదివాను. "ఇక మీరు చేయవలసింది ఏమీ లేదు. చలికాలం పోయి పగళ్ళు వెచ్చబడగానే గింజలు వాటంతటవే లేస్తాయి."

"ఎండలొచ్చాకన్నమాట" అంది పైడమ్మ మామ్మ.

"అవును మామ్మా."

"రానీ అయితే."

సిస్టర్ దుప్పటి లోంచి చేయి తీసి నా చేతిని పట్టుకున్నారు. ఎవరూ లోపలికి వెళ్ళలేదు.

పోయిన ఏడాది వేసవి రాలేదు.